ఎడమ జేబు

పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లు దాటినా వీధిలో ఆయన్ని ఇప్పటికీ లైన్‌మన్ గారనే పిలుస్తారు. ఎవరైనా నోరు జారి మాజీ అన్నారో, ఇక ఆ పూట వాళ్లకి మూడిందే. ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి. అరవై తొమ్మిదేళ్లొచ్చినా నడుం వంగలేదు, కోపం అసలే వంగలేదు. పొద్దున్నే గేటు ముందు విసిరేసిన పేపరు దగ్గర మొదలయ్యే చిరాకు, సాయంత్రం సరిగ్గా మూయని కుళాయి దగ్గర ముగుస్తుంది. మధ్యలో దొరికినవాళ్లకి దొరికినంత.

ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించుకున్నది. మూడు గదులు, ముందొక వరండా, చుట్టూ మొక్కలు పెంచుకునేంత చోటు. గేటు పక్క దిమ్మ మీద ఒక దీపం. ఇంట్లోంచి ఆ దీపందాకా ముంగిలి మీదుగా తీగ లాగింది కూడా ఆయనే. వరండా గోడకి రెండు ఇనప కొక్కేలు, వాటి మీద అడ్డంగా ఒక చెక్క నిచ్చెన. పన్నెండు మెట్లది. అల్యూమినియం నిచ్చెన తేలిగ్గా ఉంటుందని అల్లుడు ఒకసారి కొనుక్కొస్తే, కరెంటు తీగల దగ్గర లోహం పెడతావా అని వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి పంపించాడు.

ఇప్పుడు ఇంట్లో తగువంతా ఆ చెక్క నిచ్చెన గురించే. పోయిన నెలలో చూరు మీద ఎండుటాకులు తోస్తూ మూడో మెట్టు మీద నుంచి కింద పడ్డాడు. ఆయన లెక్కలో అది పడటం కాదు, కాస్త తొందరగా దిగడం. తొందరగా దిగిన మనిషి మోచేతికి కట్టుతో పది రోజులు ఎందుకు తిరిగాడని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, కూతురికి తప్ప. ఆ పిల్ల ఊరికి అటు చివర ఉంటుంది. బళ్లో లెక్కలు చెబుతుంది. ప్రతి శనివారం సాయంత్రం అమ్మానాన్నల్ని చూసి పోతుంది. లెక్కల పంతులమ్మ కాబట్టి మాట కూడా లెక్కగానే చెప్పింది.

"నాన్నా, ఇంకొక్క పొరపాటు. ఒక్కటంటే ఒక్కటే. ఆ రోజే నిచ్చెన ఆటోలో వేసుకుని మా ఇంటికి పట్టుకుపోతాను. ఏదైనా పనుంటే మనిషిని పిలిపించుకోండి."

ఆయన భార్య అవుననలేదు, కాదనలేదు. మోచేతి కట్టు ఇంకాస్త బిగించి ముడేసింది. అంటే కూతురి పక్షమే.

మనిషిని పిలిపించుకోవాలట! ఆ మాట ఆయన చెవుల్లో నెలరోజులుగా జోరీగలా తిరుగుతూనే ఉంది. ట్యాంకు మూత ఎగిరితే మనిషి, చూరు కారితే మనిషి, బల్బు మార్చాలంటే మనిషి. వాడు వస్తానన్న రోజు రాకపోతే గేటు దగ్గర ఎదురుచూపులు. వచ్చి వంకరటింకరగా చేసిపోతే బాగుందని తలూపడం. అలా బతకడం కంటే గదిలో కూర్చుని గోడలు చూడటం నయం అనుకున్నాడు. నిచ్చెన పోతే తను ఈ ఇంటికి యజమాని కాదు, అద్దె కట్టని అతిథి. అంతే తేడా.

ఆ శనివారం పొద్దున ఆయనకి ఒక పంతం పట్టుకుంది. గేటు దీపాన్ని కాగితం పూల తీగ పూర్తిగా కప్పేసింది. కొమ్మలు కరెంటు తీగకి చుట్టుకుని ఊగుతున్నాయి. పోయిన వారం కూతురు వెళ్తూ వెళ్తూ, "అక్కడ దీపం ఉండాలి కదా?" అని ఒక మాట విసిరింది. సాయంత్రం ఆ పిల్ల వచ్చేలోపు నిచ్చెనెక్కి, కొమ్మలు కత్తిరించి, దీపం తుడిచి, నిచ్చెన మళ్లీ కొక్కేలకి తగిలించి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. అదీ పథకం. అప్పుడు చూద్దాం, ఎవరు ఎవర్ని పిలిపించుకోవాలో.

ఏ పనికైనా ఆయనకి ఒక వరస ఉంది. ముందు ఫ్యూజు, తర్వాత నిచ్చెన. వరండాలో ఉన్న మీటరు పెట్టె తలుపు తీసి, తెల్లటి పింగాణీ ఫ్యూజు ఊడబెరికి, దాన్ని ఎక్కడో పెట్టకుండా తన ఎడమ జేబులోనే వేసుకుంటాడు. జేబుకి బొత్తాం పెట్టి, పైనుంచి ఒకసారి తట్టి, అప్పుడు గానీ మొదటి మెట్టు మీద కాలు పెట్టడు. ఫ్యూజు తన ఒంటి మీద ఉన్నంతసేపు లోకంలో ఏ మొనగాడూ ఆ తీగలోకి కరెంటు పంపలేడు. పెరటి పనికి ఇప్పటికీ ఆ పాత ఖాకీ ప్యాంటే వేసుకుంటాడు, ఆ జేబు కోసం. ముప్పై నాలుగేళ్లలో ఆ ఎడమ జేబులోకి ఫ్యూజు తప్ప ఇంకొకటి పోలేదు. రుమాలూ తాళాలూ చిల్లరా అన్నీ కుడి జేబులోనే.

ఈ పద్ధతి ఆయన ఊరికే పెట్టుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయనతోపాటు చేరినవాడు ఒకడు ఫ్యూజు తీసి గట్టు మీద పెట్టి స్తంభం ఎక్కాడు. దారిన పోయే ఇంకో లైన్‌మన్ ఖాళీ చూసి, ఎవరో మరిచిపోయారనుకుని ఫ్యూజు పెట్టేశాడు. పైనున్నవాడు పైనే పోయాడు. అప్పటి నుంచి తన కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ ఈయన చెప్పే మొదటి పాఠం అదే. ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తే ఎవరో పైన ఉన్నట్టు. తీసినవాడు దిగి వచ్చి తన చేత్తో పెట్టాలి, లేదా చేతికి ఇవ్వాలి. అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు. బక్కోడని ఒక కుర్రాడు చేరిన కొత్తలో ఈ పాఠం మరిచిపోయి, తన సంచిలోంచి ఇంకో ఫ్యూజు తీసి పెట్టబోతుంటే, ఈయన స్తంభం దిగి వచ్చి చెంప ఛెళ్లుమనిపించాడు. ఆ ఐదు వేళ్లూ వాడి చెంప మీద రెండు రోజులు ఉన్నాయి.

సరే, ఆ పొద్దున కూడా వరస తప్పలేదు. భార్య పెరట్లో బట్టలు ఉతుక్కుంటూ ఉంది. ఈయన ఫ్యూజు ఊడబెరికాడు, ఎడమ జేబులో వేశాడు, బొత్తాం పెట్టాడు, తట్టాడు. మీటరు పెట్టె తలుపు మూశాడు. తర్వాత తోట కత్తెర తీశాడు. రెండు రెక్కల్నీ కలిపే బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నూనె పోశాడు, కదల్లేదు. సుత్తితో ఒక్కటిచ్చాడు, అప్పుడు కదిలింది. కదలడమేమిటి, రెండు ముక్కలై నేల మీద పడింది.

"ఛీ!" అన్నాడు కత్తెరని. "నువ్వూ వాళ్ల పార్టీయేనా?"

విరిగిన బోల్టు కుడి జేబులో వేసుకుని, చెప్పులు తగిలించుకుని, బజారుకి బయల్దేరాడు. వెళ్లిన పని పది నిమిషాల్లో అయిపోయి ఉంటే ఈ కథే లేదు.

ఇనప సామాను కొట్లో కూర్చున్న పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తకుండానే, "విడి బోల్టులు రావండీ, కత్తెరే కొత్తది తీసుకోండి," అన్నాడు.

"బోల్టు విరిగితే కత్తెర మార్చడమేమిటయ్యా? రేపు నీ చొక్కా బొత్తాం ఊడితే చొక్కా పారేస్తావా?"

"ఈ రోజుల్లో అంతేనండీ," అన్నాడు వాడు, చాలా మామూలుగా.

ఆ మామూలుతనానికే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడి నుంచి ఇంకో కొట్టుకి, అక్కడా లేదనిపించుకుని, చివరికి సైకిళ్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి చేరాడు. ఆయన తనకంటే చిరాకు మనిషి. పలకరింపు లేకుండా ఒక తుప్పు డబ్బా ముందుకు తోసి, వెతుక్కోమన్నాడు. గొంతుక్కూర్చుని, మోకాళ్లు పట్టేసేదాకా వెతికితే ఒకటి దొరికింది. ఆ రోజు మొత్తానికి ఆయన్ని సంతోషపెట్టింది ఆ ఒక్క బోల్టే.

అంతలో ఫోను. భార్య.

"ఏవండీ, ఎలాగూ బజారులోనే ఉన్నారు కదా. నా బీపీ మాత్రలు ఇవాళ్టితో అయిపోయాయి. తెండి."

"ఇంట్లో ఉన్నప్పుడు చెప్పొచ్చుగా?"

"ఇంట్లో ఉన్నప్పుడు మీరు వెళ్తున్నట్టు నాకు చెప్పలేదుగా?"

ఫోను పెట్టేశాడు. మందుల కొట్టులో క్యూ. తన వంతు వచ్చేసరికి, ఇన్నాళ్లూ తెల్లగా ఉన్న మాత్ర ఇప్పుడు గులాబీ రంగులో ఉంది. మందు అదేనని కొట్టువాడు, అదే అయితే రంగెందుకు మారిందని ఈయన. వెనకాల ఉన్నవాళ్లు గొణుగుడు మొదలుపెట్టారు. "నేను మింగేది కాదు, మా ఆవిడ మింగేది. అందుకే అడుగుతున్నాను," అని వెనక్కి తిరిగి గుడ్లురిమి, మొత్తానికి మాత్రలు పుచ్చుకుని బయటపడ్డాడు. అప్పటికి పొద్దెక్కి పదకొండు దాటింది. ఎండలో ఇంటికి నడుస్తుంటే ఎడమ తొడకి ఏదో బరువుగా తగులుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్లు తగిలిన బరువది. అలవాటైన బరువుని ఎవరు పట్టించుకుంటారు?

గేటు తీయగానే భార్య వరండాలో విసనకర్ర ఊపుకుంటూ ఎదురైంది.

"మీరు వెళ్లారు, కరెంటు పోయింది. ట్యాంకులో నీళ్లు కూడా అయిపోయాయి. సగం బట్టలు సబ్బు నీళ్లలోనే ఉన్నాయి."

ఎందుకు పోయిందో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకి తెలియదు. బోల్టూ, రంగు మారిన మాత్రా, మోకాళ్లూ, ఎండా కలిసి పొద్దుటి సంగతిని బుర్రలోంచి తుడిచిపెట్టేశాయి. కరెంటు పోయిందనగానే ఆయనకి గుర్తొచ్చింది కరెంటాఫీసు.

"నిద్రపోతున్నారు వెధవలు! మా రోజుల్లో అయితే ఈపాటికి..."

"ఒకసారి మన ఫ్యూజు చూడకూడదూ?" అంది ఆవిడ.

ఆయన ఆవిడ వైపు తిరిగిన తీరు చూస్తే, అడగకూడనిదేదో అడిగిందనుకోవాలి.

"మన ఫ్యూజా? ఆ ఫ్యూజుకి తీగ చుట్టింది ఎవరు? నేను. పదకొండేళ్లయింది. ఒక్కసారైనా పోయిందా? నా చేత్తో కట్టిన ఫ్యూజు మీద అనుమానమా నీకు?"

మీటరు పెట్టె ఆయన భుజానికి జానెడు దూరంలో ఉంది. దాని తలుపు తీస్తే అయిపోయేది. తీస్తే ఆవిడ మాట విన్నట్టవుతుంది, తీయలేదు. ప్రహరీ మీదుగా పక్కింట్లోకి తొంగిచూశాడు. అక్కడ ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఆ ఇంటాయనకి ఇన్వర్టరుంది, వీధిలో అందరికంటే ముందు కొన్నాడని అందరికీ చెప్పుకుంటాడు కూడా. ఇన్వర్టరు మీద తిరుగుతోందని ఈయన తీర్మానించేశాడు. ఎదురింటి దర్జీ ఆవిడని అడగొచ్చు. కానీ లైను సంగతి వీధికి తను చెప్పాలి గానీ, వీధి తనకి చెప్పడమేమిటి?

ఆఫీసుకి ఫోను చేశాడు. ఒకటి నొక్కమంది, నొక్కాడు. రెండు నొక్కమంది, నొక్కాడు. మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెప్పి సంగీతం వాయించింది. ఆ సంగీతం మూడుసార్లు విన్నాక చెప్పులు మళ్లీ తగిలించుకున్నాడు.

ఆఫీసు నాలుగు వీధుల అవతల. ఒకప్పుడు ఆయన సైకిలు ఆనించే వేపచెట్టు కింద ఇప్పుడు కార్లు ఆగుతున్నాయి. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి, "చెప్పండంకుల్," అంది. అంకుల్ అన్న మాట గొంతు దిగడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

"మా వీధిలో లైను పోయి మూడు గంటలైంది. ఎవరైనా కదిలారా?"

ఆ అమ్మాయి తెర మీద ఏదో చూసింది. "మీ వీధి నుంచి ఇంకెవరూ ఫోన్ చేయలేదంకుల్."

"మా వీధిలో ఇంకెవరికీ నోరు లేదు."

మీటరు నంబరు అడిగింది. బిల్లు కాగితం తెచ్చాననుకున్నాడు. చొక్కా జేబు చూశాడు, కుడి జేబు రెండుసార్లు తిరగేశాడు, ఆవిడకి ఇవ్వడం మరిచి చేతిలోనే తెచ్చిన మందుల సంచి కుమ్మరించాడు. ఎడమ జేబు మాత్రం ముట్టుకోలేదు. అందులో కాగితాలు పెట్టే అలవాటు లేదుగా. గొడవ విని లోపలి నుంచి ఇంజనీరమ్మ బయటికి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మర్యాదగానే మాట్లాడింది. లైను బాగానే ఉందనీ, పక్క వీధి దాకా సరఫరా వెళ్తోందనీ చెప్పి, "ఒకసారి మీ ఇంట్లో ఫ్యూజు చూశారా అండీ?" అని అడిగింది.

ఒకే రోజు రెండోసారి!

"అమ్మా, నువ్వు పుట్టకముందు నుంచి ఫ్యూజులు చూస్తున్నాను నేను," అని మొదలుపెట్టి, తన ఉద్యోగం, తన కాలం, తుపానులో మూడు పగళ్లు స్తంభాల మీదే గడిపిన సంగతి, ఇప్పటివాళ్ల నిర్లక్ష్యం అంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ ఓపికగా వింది. ఓపికగా వినడం ఆయనకి ఇంకా అవమానంగా అనిపించింది. ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, అర పేజీ నిండా రాశాడు. ఆ ప్రాంతపు లైన్‌మన్ విధుల్లో ఘోరమైన అలసత్వం చూపుతున్నాడని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. ఆ ప్రాంతానికి లైన్‌మన్ ఎవరో తర్వాత తెలిసింది. బక్కోడు.

ఇంటికొచ్చేసరికి ఇల్లంతా ఉక్క. అన్నం సహించలేదు. పక్కింటి నుంచి రెండు బిందెలు తెచ్చుకుని భార్య బట్టలు జాడించింది. నిచ్చెన కొక్కేల మీదే ఉంది. బోల్టు బిగించిన కత్తెర వరండా గట్టు మీద ఉంది. ఎక్కి కొమ్మలు కత్తిరించేద్దామా అనుకున్నాడు గానీ, లైను ఎప్పుడొస్తుందో తెలియకుండా తీగ దగ్గరికి వెళ్లకూడదు కదా. అందుకని కుర్చీలో కూర్చుని పళ్లు నూరుకున్నాడు. ఇవాళ పని కాలేదంటే కారణం తను కాదు, ఆఫీసు. కూతురు అడిగితే అదే చెబుతాడు.

నాలుగింటికి ఆ పిల్ల రానే వచ్చింది. చెమట తుడుచుకుంటూ, "ఇదేంటి, వీధంతా కరెంటుంది కదా? దర్జీ ఆంటీ ఇంట్లో టీవీ మోగుతోంది. నాన్నా, మన ఫ్యూజు చూశారా?" అంది.

మూడోసారి. ఆయన నోరు తెరిచాడు గానీ, అదృష్టం కొద్దీ అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది.

దిగినవాడు బక్కోడు. ఇప్పుడు వాడికి నలభై ఏడు. బొజ్జ ముందు నడుస్తుంటే వాడు వెనక నడుస్తాడు. అయినా అందరికీ బక్కోడే. చేతిలో ఫిర్యాదు కాగితం.

"నమస్కారం గురువుగారూ. నా మీద అర పేజీ రాశారట కదా? నా పెళ్లి పత్రిక కూడా అంత పొడుగు లేదు."

"నవ్వులాటగా ఉందా? పొద్దుటి నుంచీ చీకటి కొట్లో ఉన్నాం ఇక్కడ!"

"చూస్తాను, చూస్తాను. మీరు కూర్చోండి."

బక్కోడు స్తంభం చూశాడు. ఇంటి మీదికి వచ్చే తీగ చూశాడు. వరండాలోకి వచ్చి పెట్టె అద్దంలోంచి మీటరు చూశాడు. మీటరు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే అక్కడిదాకా కరెంటు వస్తోంది. పెట్టె తలుపు తీశాడు.

తీసినవాడు తీసినట్టే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంటి కప్పు కేసి చూశాడు, కాగితం పూల తీగ కేసి చూశాడు. తర్వాత గొంతెత్తి గట్టిగా అరిచాడు.

"పైన ఎవరున్నారు?"

ఎవరూ పలకలేదు. మళ్లీ అరిచాడు. "పైన ఎవరండీ?"

తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పైన ఎవరుంటారు?" అంది కూతురు. "ఏమైంది?"

"ఫ్యూజు లేదు తల్లీ. కాలిపోలేదు, ఊడిపోలేదు. ఎవరో తీశారు. తీసినవాళ్లు ఎక్కడో పని మీద ఉన్నారు."

"ఉంటే ఉన్నారు. మీ సంచిలో ఇంకోటి ఉంటుంది కదా, పెట్టేయండి."

"ఉంది. పెట్టను." బక్కోడు తన చెంప తడుముకున్నాడు. "ఖాళీ కనిపిస్తే మనిషి పైన ఉన్నట్టే. దిగి వచ్చి నా చేతికి ఇస్తే పెడతాను. రేపు పొద్దుటిదాకా అయినా సరే, ఇక్కడే కూర్చుంటాను. ఇది నాకు మీ నాన్నగారు నేర్పిన పాఠం. ఊరికే నేర్పలేదు కూడా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. వరండా, మనుషులు, కత్తెర అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆయన ఎడమ చెయ్యి మాత్రం ఎవరూ చెప్పకుండానే కిందికి జారి, జేబు మీద ఆగింది. బొత్తాం పెట్టే ఉంది. లోపల గట్టిగా, నున్నగా, ముప్పై నాలుగేళ్లుగా ఎరిగిన ఆకారమే.

ఒక్కసారిగా పొద్దుటి సంగతంతా వరసగా గుర్తొచ్చింది. ఊడబెరికింది, వేసుకుంది, తట్టింది. తర్వాత బోల్టు. ఆ ఫ్యూజుని తొడకి తగిలించుకునే ఆయన ఇనప కొట్టువాణ్ని తిట్టాడు, భార్య మీద విరుచుకుపడ్డాడు, ఇంజనీరమ్మకి పాఠం చెప్పాడు, బక్కోడి మీద అర పేజీ రాసి రెండు గీతలు కొట్టాడు.

ఇంకొక్క పొరపాటు, అంది కూతురు. ఒక్కటంటే ఒక్కటే.

బక్కోడు ఇంకా కప్పు కేసే చూస్తున్నాడు. కూతురు బక్కోణ్ని చూస్తోంది. మెల్లగా గేటు వైపు నడిచి, ఫ్యూజుని కాగితం పూల మొదట్లో పడేసి, ఇదిగో దొరికింది, ఎలుక లాక్కుపోయిందంటే సరిపోతుంది. నమ్మినా నమ్మకపోయినా ఎవరూ కాదనరు. నిచ్చెన నిలుస్తుంది. అలా అనుకుంటూ తలెత్తితే, భార్య తన చేతి వైపే చూస్తోంది. జేబు మీద ఉన్న చెయ్యి. ఆవిడకి తెలిసిపోయింది. చీర కొంగు సర్దుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకుంది, ఆయనకి కావాల్సినంత సమయం ఇస్తూ. పొద్దుటి నుంచీ తిట్లు తిన్న మనిషి. ఆ దయ ముందు ఎలుక కథ నిలవలేదు.

"పైన ఎవరున్నారు?" మూడోసారి అరిచాడు బక్కోడు.

"నేనేరా," అన్నాడు ఆయన.

బొత్తాం విప్పి, ఫ్యూజు తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. కూతురు ఫక్కున నవ్వింది. ఆపుకుందామని చూసింది గానీ ఆగలేదు.

"ఇదా నాన్నా! అయ్యో! పొద్దుటి నుంచీ జేబులోనే ఉందా?"

"నవ్వకే," అంది తల్లి. ఆవిడకీ నవ్వొస్తోంది.

"సరే సరే. ఇది పొరపాటు కింద లెక్క కాదులెండి," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "ఫ్యూజు జేబులో మరిచిపోతే ఎవరికి నష్టం? కాస్త చెమట పట్టింది, అంతేగా. నిచ్చెన జోలికి నేను రానులే."

"అవును గురువుగారూ," అన్నాడు బక్కోడు. "ఫ్యూజు వదులైందని రాసేస్తాను. మీ అర పేజీ నేనే చింపేస్తాను."

అంతా కలిసి ఆయన్ని క్షమించేశారు. నిచ్చెన దక్కింది. నెల రోజులుగా కోరుకున్నది అదే. మరి సంతోషం ఏది? లోపల ఇంకా ఏదో కుతకుతలాడుతూనే ఉంది. ఆఫీసు మీద కాదు, కొట్టువాడి మీద కాదు.

"మీకెవరికీ అర్థం కావట్లేదు," అన్నాడు. గొంతులో కోపమే ఉంది గానీ ఎవరి మీదో వాళ్లకి తెలియలేదు. "ఇవాళ జేబులో పెట్టి మరిచిపోయాను. సరే, చెమట పట్టింది. రేపు తీయడమే మరిచిపోతే? పెట్టెలోనే ఉంచి, తీశాననుకుని, జేబు తట్టుకోకుండా ఎక్కితే?"

కూతురి నవ్వు ఆగిపోయింది.

"మీరు మరిచిపోరు గురువుగారూ," అన్నాడు బక్కోడు మెల్లగా.

"ఇవాళ పొద్దున కూడా అదే అనుకున్నానురా."

ఆయన ఫ్యూజుని పెట్టెలో పెట్టలేదు. బక్కోడి చేతికిచ్చాడు. "నీ ఎడమ జేబులో వేసుకో. బొత్తాం ఉందా? లేదా? సరే, రుమాలు కుక్కు. ఆ నిచ్చెన దించు. కొమ్మలు ఇప్పుడే కొట్టేద్దాం."

బక్కోడు బొజ్జతో పన్నెండు మెట్ల నిచ్చెనెక్కుతుంటే ఆయన కింద రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ నిచ్చెనని కింది నుంచి పట్టుకోవడం ఆయనకి అదే మొదటిసారి. కింద నిలబడితే మెడ నొస్తుందనీ, ముళ్లూ ఆకులూ కళ్లలో పడతాయనీ, పైవాడు చేసే ప్రతి పనీ తప్పుగానే కనిపిస్తుందనీ అప్పుడు తెలిసింది.

"అది కాదురా! దాని పక్కది! మొదట్లో కొట్టు, కొసన కాదు! కళ్లున్నాయా నీకు?"

"ఉన్నాయి గురువుగారూ."

"మరి అలా క్షవరం చేసినట్టు కొట్టావేంరా? అయ్యో, మంచి కొమ్మ పోయింది!"

అరగంటలో గేటు దీపం బయటపడింది. కొమ్మలు ఆయన కొట్టినంత తీరుగా లేవు. ఎడమవైపు గుబురుగా, కుడివైపు బోడిగా మిగిలింది. బక్కోడు దిగి వచ్చి, ఫ్యూజు తీసి ఆయనకే ఇవ్వబోయాడు. "నువ్వు ఎక్కావు, నువ్వే పెట్టు," అన్నాడు ఆయన. వాడు పెట్టాడు. ఇంట్లో ఫ్యానులు ఒక్కసారిగా తిరిగాయి, మోటారు రొద మొదలైంది, ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. పొద్దున్నే స్విచ్చి వేసి ఉంచాడేమో, గేటు దీపం పట్టపగలే వెలిగింది.

కూతురు నిచ్చెన మళ్లీ కొక్కేలకి తగిలించబోయింది.

"వద్దు," అన్నాడు ఆయన. "ఒరే, దాన్ని ఆఫీసుకి పట్టుకుపో. మీకు చెక్క నిచ్చెనలు తక్కువ."

"నాన్నా, నేను వద్దన్నాను కదా..."

"నువ్వన్నావని కాదమ్మా. నేనంటున్నాను."

"రేపు బండి పంపిస్తాను గురువుగారూ," అన్నాడు బక్కోడు. "మోటారు సైకిలు మీద పన్నెండు మెట్ల నిచ్చెన ఎలా పోతుంది?"

"రేపటికి నా మనసు మారుతుంది. భుజాన వేసుకుని ఇప్పుడే నడు. మోటారు సైకిలు కోసం తర్వాత రా. నాలుగు వీధులే. నేను ఇరవై వీధులు మోశాను."

ఇక ఎదురు చెప్పలేక బక్కోడు నిచ్చెనని భుజానికెత్తుకున్నాడు. వెళ్లేముందు ఆయన వాడి చేతిలోని ఫిర్యాదు కాగితం లాక్కుని, కారణం అని ఉన్న చోట తనే రాశాడు. ఫ్యూజు ఇంటి యజమాని జేబులో ఉంది. కింద సంతకం పెట్టాడు. ఈసారి గీతలు కొట్టలేదు.

బక్కోడు గేటు దాటాడు. ఆయన గేటు దాకా వెళ్లి, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు కొస పైకెత్తురా! దర్జీ ఆవిడ గోడకి తగులుతుంది! అక్కడ ఎండలో ఆనించకు, చెక్క పగులుతుంది! వింటున్నావా?"

బక్కోడు వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు. పక్కింటి ఇన్వర్టరాయన ప్రహరీ మీదుగా తల బయటికి పెట్టి చూసి, ఈయన మొహం చూసి, మళ్లీ లోపలికి లాక్కున్నాడు. కూతురు టీ గ్లాసు తెచ్చి గేటు దిమ్మ మీద పెట్టింది.

"ఏవండీ," అని వరండాలోంచి పిలిచింది భార్య. "పొద్దుటి నుంచీ కాలు నిలవలేదు. వచ్చి కూర్చోండి, ఫ్యాను తిరుగుతోంది."

"ఆగవే," అన్నాడు ఆయన విసుగ్గా, వీధి చివరకేసి చూస్తూ. "వాడింకా మలుపు తిరగలేదు."